రెఫరల్ లెటర్ కోసం ఇంగ్లిష్ కంజంక్షన్లు మళ్లీ నేర్చుకున్నాను: నా అనుభవం

ఓఈటీ (విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) తొలి ఫలితం జూన్ రెండో వారంలో వచ్చింది. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లోనూ బి. రైటింగ్‌లో మాత్రం 290, అంటే సి గ్రేడు. యూకేలో నర్సుగా రిజిస్టర్ కావాలంటే రైటింగ్‌లో సి ప్లస్ రావాలి, అది 300 నుంచి మొదలవుతుంది. ఈ పరీక్షలో మార్కులు పదేసి చొప్పున పెరుగుతాయి. అంటే నాకు తగ్గింది ఒకే ఒక్క మెట్టు. నైట్ డ్యూటీ దిగి, గుంటూరు బస్టాండులో పెదకాకాని బస్సు కోసం నిలబడి ఫోన్‌లో చూసుకున్నాను. బస్సు వచ్చినా ఎక్కలేదు. ఇంకోటి వచ్చేదాకా అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

పరీక్ష ఫీజు అప్పట్లో 587 ఆస్ట్రేలియా డాలర్లు. మన డబ్బుల్లో ముప్పై వేలు దాటింది. అందులో సగం అమ్మ తన గాజులు తాకట్టు పెట్టి తెచ్చింది. మా ఆయన మిర్చి యార్డులో గుమాస్తా, సీజన్ అయిపోయిందంటే ఇంట్లో చేతిలో డబ్బు ఆడదు. ఫలితం చెప్పినప్పుడు ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అలా అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

నాలాగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, తర్వాత నర్సింగ్‌లో చేరి, వార్డులో ఇంగ్లిష్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో ఎక్కువమంది ఈ రైటింగ్ దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే జులై నుంచి డిసెంబరు దాకా నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రైటింగ్ అంటే వ్యాసం కాదు, ఉత్తరం. ఒక రోగి కేస్ నోట్స్ ఇస్తారు. 5 నిమిషాలు చదువుకోవడానికి, 40 నిమిషాలు రాయడానికి. ఆ నోట్స్‌లోంచి అవసరమైనవి ఏరుకుని, ఆ రోగిని తర్వాత చూసుకోబోయే డాక్టరుకో నర్సుకో 180 నుంచి 200 పదాల్లో ఉత్తరం రాయాలి. నోట్స్ అన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. "లివ్స్ ఎలోన్." "ఫర్‌గెట్స్ ఇన్సులిన్." "షుగర్ హై." ఈ ముక్కల్ని కలపడమే అసలు పని. ఆ సంగతి మొదటి పరీక్షకి వెళ్లేముందు నాకు ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆదివారాలు విజయవాడ వెళ్లి ఒక కోచింగ్ సెంటర్లో చదివాను. ఫీజు 12 వేలు, బస్సు ఖర్చులు వేరు. లింకింగ్ వర్డ్స్ అని రెండు పేజీల జాబితా ఇచ్చారు. మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్, నెవర్దిలెస్, కాన్సీక్వెంట్లీ. ఇవి పడితే మార్కులు పడతాయన్నారు. నేను అన్నీ బట్టీ పట్టాను, ఉత్తరంలో అన్నీ పెట్టాను. ఆ జాబితాలో బికాజ్, ఇఫ్, వెన్, అన్‌లెస్ లాంటివి లేవు. అవి అందరికీ వచ్చినవే కదా అని వదిలేసి ఉంటారు.

ఫలితం కాగితంలో మొత్తం మార్కు మాత్రమే ఉంటుంది, ఏ అంశంలో ఎంత వచ్చిందో విడిగా ఉండదు. ఏం సరిదిద్దుకోవాలో తెలియక రెండు వారాలు అలాగే గడిచిపోయాయి. మా ఐసీయూ సీనియర్ సిస్టర్ చూసి, "బ్రాడీపేట నాలుగో లైన్లో ఒక మేడమ్ ఉన్నారు, డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యారు, వెళ్లి కలువు" అంది. జులై మొదటి వారంలో వెళ్లాను. నెలకు నాలుగు వేలు, వారానికి రెండు సాయంత్రాలు. ఓఈటీ గురించి తనకేమీ తెలియదని మేడమ్ ముందే చెప్పేశారు. "నీ ఉత్తరం చూపించమ్మా, భాష సంగతి చూద్దాం" అన్నారు.

ఇంట్లో ప్రాక్టీసుకి రాసిన ఉత్తరం ఇచ్చాను. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "హి ఈజ్ ఆన్ ఇన్సులిన్ అండ్ హి లివ్స్ ఎలోన్ అండ్ హిజ్ షుగర్ ఈజ్ హై." వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. మేడమ్ దాని కింద గీత గీసి తెలుగులోనే అడిగారు.

"ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగర్ తగ్గట్లేదా? లేక ఒంటరిగా ఉండటం వల్ల వేసుకోవడం మర్చిపోతున్నాడా?"

"మర్చిపోతున్నాడు మేడమ్. నోట్స్‌లో ఉంది."

"నీ ఉత్తరంలో లేదుగా. ఇది చదివిన డాక్టరు డోసు పెంచాలా, గుర్తుచేసే మనిషిని చూడాలా?"

నాకు ఒళ్లు ఝల్లుమంది. వార్డులో పదేళ్లుగా చేస్తున్న పని అది. మర్చిపోయే మనిషికి డోసు పెంచితే, ఎవరో పక్కనుండి సరిగ్గా వేయించిన రోజున షుగర్ పడిపోతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసింది ఇంగ్లిష్‌లోకి ఎక్కలేదు, అంతే. ఆ వాక్యాన్ని మేడమ్ నాచేత ఇలా మార్పించారు: "బికాజ్ హి లివ్స్ ఎలోన్ అండ్ ఆఫెన్ ఫర్‌గెట్స్ హిజ్ ఇన్సులిన్, హిజ్ షుగర్ రిమెయిన్స్ హై." నోట్స్‌లో ఉన్న మర్చిపోయే సంగతిని చేర్చి, ముందు బికాజ్ పెట్టించారు, అంతే. ఆ మార్పుతో చదివేవాళ్లకి దారి దొరికింది.

ఆరోజు మేడమ్ చెప్పిన విషయం ఒకటి ఈ ఆరు నెలలూ నాకు పనికొచ్చింది. తెలుగులో వాక్యాన్ని వాక్యంతో కలిపే ముడి క్రియ చివర పడుతుంది. వేసుకుని, వేసుకుంటే, వేసుకున్నా, వేసుకోక, వేసుకోకపోతే. సంగతి అంతా చెప్పి, చివరికొచ్చాక అది కారణమా, షరతా, అయినా జరిగిందా అన్నది తేలుస్తాం. ఇంగ్లిష్‌లో ఆ ముడి వాక్యం మొదట్లోనే పడాలి. నోరు తెరిచేలోపే సంబంధం ఏమిటో తేల్చుకోవాలి. మనకు అలా ముందే తేల్చుకునే అలవాటు ఉండదు కాబట్టి సంగతి మొదలుపెట్టేస్తాం, తర్వాత ముడి కోసం వెతికితే చేతికి దొరికేది అండ్ ఒక్కటే.

అందుకని జులై నెలంతా ఇంగ్లిష్ దాదాపు రాయించలేదు. వార్డులో ఆరోజు ఇచ్చిన హ్యాండోవర్‌ని, అంటే డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకి అప్పజెప్పే రోగుల సంగతిని, తెలుగులో చెప్పమనేవారు. నేను చెప్తుంటే మధ్యలో ఆపి, "ఈ రెండింటికీ సంబంధం ఏమిటి?" అని అడిగేవారు. కారణమా, షరతా, సమయమా, వ్యతిరేకమా, ఉద్దేశమా. నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో ఆ మాటే రాసుకోవాలి. నాకు మొదట్లో కోపం వచ్చింది. నాలుగు వేలు ఇచ్చి తెలుగు చెప్పించుకోవడం ఏమిటనిపించింది. డ్యూటీ దిగి, ఆటోలో వెళ్లి, చేరేసరికి కాళ్లు లాగేవి. అక్కడ కూర్చుని తెలుగులో కబుర్లు చెప్పి వస్తున్నానని ఇంట్లో చెప్పుకోవడానికి కూడా మొహమాటంగా ఉండేది.

కానీ ఆ పెన్సిల్ గుర్తుల వల్లే ఒక విషయం బయటపడింది. "లేచి, బాత్రూంకి వెళ్లి, కళ్లు తిరిగి పడిపోయాడు" అని రోజూ చెప్తాం. ఇందులో లేచి, వెళ్లి అన్నవి వరసగా జరిగిన పనులు. కళ్లు తిరిగి అన్నది పడిపోవడానికి కారణం. రూపం మూడింటికీ ఒకటే. నేను మూడింటినీ అండ్‌తోనే రాసేదాన్ని. మేడమ్ దాన్ని విడదీయించారు: "వెన్ హి గాట్ అప్ టు గో టు ద బాత్రూమ్, హి ఫెల్ బికాజ్ హి ఫెల్ట్ డిజ్జీ." అప్పుడే చదివే డాక్టరుకి తెలుస్తుంది, కాలు జారి పడలేదు, లేవగానే కళ్లు తిరిగాయి, బీపీ చూడాలి అని.

ఆగస్టు నుంచి ఇంగ్లిష్ మొదలైంది. అండ్, బట్, ఆర్, సో నాలుగూ తొందరగానే అయిపోయాయి. పుస్తకాల్లో ఫర్, నార్, యెట్ కూడా కలిపి ఏడింటినీ వాటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలతో ఫ్యాన్‌బాయ్స్ అని గుర్తుపెట్టుకోమంటారు. కారణం చెప్పే ఫర్ ఇప్పుడు మామూలు రాతలో పెద్దగా కనపడదు, ఉత్తరంలో వాడొద్దన్నారు. రెండు పూర్తి వాక్యాల మధ్య ఇవి వస్తే ముందు కామా పెట్టమన్నారు. ఇక్కడ నాకు కొత్తగా తెలిసింది ఆర్ సంగతి. "పెన్సిలిన్‌కీ సల్ఫాకీ అలర్జీ లేదు" అంటాం కదా. ఆ కీ, కీ చూసి అండ్ రాయబుద్ధవుతుంది. కాదు అన్న వాక్యంలో ఇంగ్లిష్ ఆర్ అడుగుతుంది: "హి ఈజ్ నాట్ అలర్జిక్ టు పెన్సిలిన్ ఆర్ సల్ఫా." అండ్ పెడితే రెంటిలో ఒకదానికి అలర్జీ ఉందేమో అన్న అనుమానానికి తావు ఉంటుంది. అలర్జీ దగ్గర ఆ అనుమానం ఎంత ప్రమాదమో నర్సుకి వేరే చెప్పక్కర్లేదు.

బికాజ్ తర్వాత వాక్యం రావాలి, బికాజ్ ఆఫ్ తర్వాత నామవాచకం రావాలి. "బికాజ్ ఆఫ్ హి హాడ్ ఫీవర్" కాదు, "బికాజ్ ఆఫ్ ఫీవర్". ఇది ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. సిన్స్ దగ్గర మాత్రం ఆగాం. అది కారణానికీ వాడతారు, అప్పట్నుంచీ అనడానికీ వాడతారు. "సిన్స్ హి స్టాప్డ్ ద టాబ్లెట్, హి హాజ్ బీన్ వామిటింగ్" అంటే మాత్ర ఆపినప్పట్నుంచీ వాంతులా, ఆపడం వల్ల వాంతులా? వ్యాకరణం రెండింటికీ ఒప్పుకుంటుంది. రోగి ఉత్తరంలో అలా రెండర్థాలు రాకూడదని, కారణానికి బికాజ్ మాత్రమే వాడి, సిన్స్‌ని తేదీల కోసం ఉంచుకోమన్నారు. యాజ్‌కి కూడా కారణం, సమయం అని రెండర్థాలు ఉంటాయి, దాన్నీ కారణానికి వాడొద్దన్నారు.

ఇంకోటి, మనం మాట్లాడేటప్పుడు "ఎందుకంటే ఆయన ఒంటరిగా ఉంటాడు కాబట్టి" అని రెండు వైపులా ముడి వేస్తాం. తెలుగులో అది చెవికి హాయిగానే ఉంటుంది. ఇంగ్లిష్‌లో బికాజ్ పెట్టాక మళ్లీ సో రాకూడదు. ఒక వైపు ముడి చాలు.

ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. పెదకాకాని నుంచి రోజూ రెండు వైపులా అయ్యే ఖర్చు తగ్గింది. ఆ మిగిలిన డబ్బు బస్టాండు నుంచి బ్రాడీపేటకి ఆటోకి సరిపోయింది. చిన్న విషయమే కానీ, నెలాఖరులో మేడమ్ ఫీజు కోసం ఇంట్లో అడగాల్సిన పని తప్పింది.

ఆ నెలలోనే అనుకోకుండా ఇంట్లోనే ఒక పుస్తకం దొరికింది. మావాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి. వాళ్ల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. అదే పాఠం, అవే బొమ్మలు. సైన్స్ పుస్తకం తీసి తెలుగు పేజీలో క్రియల చివరన ఉన్న ముడుల కింద గీతలు గీశాను. తర్వాత ఇంగ్లిష్ పేజీలో ఆ ముడి ఎక్కడికి వెళ్లిందో వెతికాను. వేడి చేస్తే, కరిగినప్పుడు, కనిపించకపోయినా. అవి ఇఫ్, వెన్, ఆల్దో అయి వాక్యం ముందుకు వెళ్లి కూర్చున్నాయి. ఎంత డబ్బు పోసినా నాకు ఇంత మంచి అభ్యాసం దొరికేది కాదు. మావాడు కూడా పక్కన కూర్చుని, "అమ్మా, ఇది చూడు, ఇక్కడ అన్‌టిల్ ఉంది" అని వేలు పెట్టి చూపించేవాడు. రాత్రి అన్నం తిన్నాక ఇద్దరం ఒక పేజీ చేసేవాళ్లం. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లు ఇంట్లో పిల్లల ఆ పుస్తకాలు ఉంటే తప్పకుండా తీసి చూడండి.

సెప్టెంబరు అంతా ఆల్దో దగ్గరే గడిచింది. ఇక్కడ నేను చాలా ఇబ్బంది పడ్డాను, కొంచెం వివరంగా చెప్తాను.

"మాత్ర వేసుకున్నా నొప్పి తగ్గలేదు." "మాత్ర వేసుకున్నా నొప్పి తగ్గదు." తెలుగులో మొదటి సగం రెండిట్లోనూ ఒకటే. చివరి క్రియ విన్నాకే మొదటిది జరిగిపోయిన సంగతి, రెండోది జరగబోయేదాని గురించి అని తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో మొదటిదానికి ఆల్దో లేదా ఈవెన్ దో, రెండోదానికి ఈవెన్ ఇఫ్. ఈ రెండూ నా చేతిలో తారుమారు అవుతూనే ఉండేవి. నేను "ఈవెన్ ఇఫ్ హి టుక్ ద టాబ్లెట్" అని రాస్తే, చదివేవాళ్లకి రోగి మాత్ర వేసుకున్నాడో లేదో తెలియదు. వేసుకున్నాడు, నేనే దగ్గరుండి వేయించాను. అప్పుడు ఈవెన్ దో అనే అనాలి. మేడమ్ దీనికి ఒకే పరీక్ష పెట్టారు: చార్టులో నీ సంతకం ఉందా? ఉంటే ఈవెన్ దో, లేకపోతే ఈవెన్ ఇఫ్. ఇది పుస్తకంలో ఉండదు, నాకోసం ఆవిడ అప్పటికప్పుడు అల్లింది. వ్యాకరణం అంతా నా ఉద్యోగంలోకి తెచ్చి చెప్పడం వల్లే నాకు ఎక్కింది.

ఆ తర్వాత "కానీ" అన్న మాటతో గొడవ. మనవైపు "వేసుకున్నాగానీ తగ్గలా" అంటాం. ఆ గానీ ఇంగ్లిష్‌లోకి బట్ అయి వచ్చేస్తుంది: "ఆల్దో హి టుక్ ద టాబ్లెట్, బట్ ద పెయిన్ డిడ్ నాట్ రెడ్యూస్." ఆల్దో ఉంటే బట్ తీసేయాలి, బట్ ఉంటే ఆల్దో తీసేయాలి. తెలిశాక కూడా చేయి దానంతటదే బట్ రాసేది. నెల చివరికి తగ్గింది. డిస్పైట్ అయితే తర్వాత వాక్యం ఒప్పుకోదు: "డిస్పైట్ టేకింగ్ ద టాబ్లెట్" అనాలి, "డిస్పైట్ హి టుక్" కుదరదు.

కోచింగ్‌లో బట్టీ పట్టిన హౌఎవర్ సంగతి కూడా అప్పుడే తెలిసింది. అది బట్ లాంటి కంజంక్షన్ కాదు, క్రియావిశేషణం. రెండు వాక్యాల మధ్య కామా పెట్టి హౌఎవర్‌తో కలపకూడదు. ముందు ఫుల్‌స్టాప్ పడాలి, లేదా సెమికోలన్. మోర్‌ఓవర్ కూడా అంతే. మొదటి పరీక్షలో నేను రాసిన ఉత్తరం గుర్తు చేసుకుంటే, అలాంటి కామాలు అందులో ఎన్నో. రెండు పేజీల జాబితా ఇచ్చినవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

అక్టోబరులో ఇఫ్, వెన్, అన్‌లెస్, అన్‌టిల్. డిశ్చార్జి సలహాలు రాసేటప్పుడు ఇవి లేకుండా ఒక్క వాక్యం కూడా నడవదు.

వార్డులో అటెండర్లతో "డాక్టర్ గారు వస్తే చెప్తాను" అంటాం. డాక్టర్ గారు రౌండ్స్‌కి వస్తారని అందరికీ తెలుసు, అయినా వస్తే అనే అంటాం. దాన్ని ఇఫ్ అంటే ఇంగ్లిష్‌వాళ్లు డాక్టరు రాకపోవచ్చు అనుకుంటారు. తప్పకుండా జరిగేదానికి వెన్, జరగొచ్చు జరగకపోవచ్చు అన్నదానికి ఇఫ్. కుట్లు విప్పడానికి రావడం వెన్. మళ్లీ జ్వరం రావడం ఇఫ్. రెండింటి తర్వాతా, జరగబోయే పనే అయినా విల్ రాయకూడదు: "ఇఫ్ ద ఫీవర్ రిటర్న్స్", అంతేకానీ "విల్ రిటర్న్" కాదు.

అన్‌లెస్ గురించి చెప్పకుండా వదలలేను, అది ప్రాణాల మీదకి తెచ్చే మాట. నేను అన్‌లెస్ అంటే "లేకపోతే" అని నేర్చుకుని ఉన్నాను. ఆ "లే" నా ఇంగ్లిష్‌లోకి నాట్ అయి, నో అయి వస్తుంది. "డూ నాట్ గివ్ దిస్ టాబ్లెట్ అన్‌లెస్ దేర్ ఈజ్ నో పెయిన్" అని రాశాను. మేడమ్ దాన్ని నాచేతే తెలుగులో చెప్పించారు. నొప్పి లేనప్పుడే ఇవ్వండి అని వచ్చింది. సరిగ్గా తలకిందులు. అన్‌లెస్‌ని లేకపోతే అని కాకుండా "ఉంటే తప్ప" అని పట్టుకోమన్నారు. నొప్పి ఉంటే తప్ప ఇవ్వకండి. అప్పుడు నో దానంతటదే పోయింది. అన్‌టిల్ కూడా అంతే. "చెప్పనంతవరకు" అని మొదలుపెడితే నాట్ దూరుతుంది, "చెప్పేదాకా" అని మొదలుపెడితే దూరదు. "డాక్టర్ చెప్పేదాకా ఏమీ తినొద్దు" అని మనం రోజూ అనేదే.

సో, సో దట్ తేడా కూడా ఆ నెలలోనే. సో అంటే జరిగిన ఫలితం. సో దట్ అంటే ఉద్దేశం. "ప్లీజ్ విజిట్ హిమ్ డైలీ సో దట్ హి డజ్ నాట్ మిస్ హిజ్ డోసెస్." ఉత్తరం చివర్లో మనం ఏం అడుగుతున్నామో చెప్పే చోట ఇది బాగా పనికొస్తుంది. నీదర్, నార్ ఒక్క వాక్యం కోసం నేర్చుకున్నాను: "హి నీదర్ స్మోక్స్ నార్ డ్రింక్స్." నాట్ ఓన్లీ, బట్ ఆల్సో జోలికి వెళ్లలేదు. ఉత్తరంలో దాని అవసరం పడదు. వైల్ మాత్రం జాగ్రత్తగా వాడాలి. "వైల్ వాకింగ్ టు ద బాత్రూమ్, ద డ్రిప్ కేమ్ అవుట్" అంటే నడుస్తున్నది డ్రిప్ అయిపోతుంది. వైల్ తర్వాత మనిషి పేరో హి, షి అనో పెట్టేస్తే గొడవ ఉండదు.

అక్టోబరు చివరికి నాకు ధైర్యం వచ్చింది అని చెప్పలేను. వచ్చింది ఓపిక. మునుపు పేపరు చూడగానే రాయడం మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు చదివే 5 నిమిషాల్లో నోట్స్‌లోని ముక్కల మధ్య కారణం, షరతు, సమయం అని మనసులోనే గుర్తులు పెట్టుకునేదాన్ని. పేపర్ పరీక్షలో ఆ 5 నిమిషాలూ పెన్ను ముట్టకూడదు. జులైలో పెన్సిల్‌తో చేసిన పని మనసులో చేయడానికి అప్పటికి అలవాటైంది.

రెండోసారి పరీక్ష నవంబరు రెండో వారంలో హైదరాబాదులో. ఫీజు మొదటిసారి కంటే ఇంకాస్త ఎక్కువైంది, డాలరు పెరిగింది. ఈసారి అమ్మని అడగలేదు. ఆస్పత్రిలో చీటీ పాడుకున్నాను. ముందురోజు గుంటూరులో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి, సికింద్రాబాదులో పిన్ని వాళ్లింట్లో పడుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. పిన్ని పొద్దున్నే ఇడ్లీ పెడితే ఒకటి తిని ఆపేశాను.

కేసు వివరాలు ఇక్కడ రాయను. ఉత్తరం రాసేటప్పుడు రెండు చోట్ల ఆగాను. ఒకచోట ఆల్దో పెట్టాక చేయి బట్ వైపు వెళ్లింది, ఆపుకున్నాను. ఇంకోచోట అన్‌లెస్ రాయబోయి, టెన్షన్‌లో అర్థం తిరగబడుతుందేమోనని భయపడి, ఓన్లీ ఇఫ్ అని రాశాను. "ఉంటేనే ఇవ్వండి" అన్నదీ "ఉంటే తప్ప ఇవ్వకండి" అన్నదీ ఒకటేగా. మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్ ఒక్కటీ వాడలేదు. ఐదు నిమిషాలు మిగిలితే ప్రతి వాక్యానికీ ముడి ఒక్కసారే ఉందా అని చూసుకున్నాను.

ఫలితం కోసం రెండు వారాలకు పైగా చూడాలి. ఆ రోజుల్లో ఎవరు ఫోన్ చేసినా ఎత్తాలనిపించేది కాదు. మా ఆయన ఒకరోజు బజ్జీలు కట్టించుకొచ్చి, "రాకపోతే మళ్లీ రాద్దువుగాని, తిను" అన్నారు. జూన్‌లో అననిది అప్పుడు అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

డిసెంబరు మొదటి వారంలో వచ్చింది. రైటింగ్ 340, సి ప్లస్. మిగతా మూడూ మళ్లీ బి. మేడమ్‌కి ఫోన్ చేసి చెప్తే, "ఇంకో పది వస్తే బి అయ్యేది కదమ్మా" అన్నారు. నాకు సరిపోతుందని చెప్పాను. ఆవిడకి మాత్రం ఆ పది ఎక్కడ పోయాయో చూడాలని ఉంది. పండక్కి ముందు ఒకసారి వచ్చి, గుర్తున్నంతవరకు ఎలాంటి వాక్యాలు వాడానో చెప్పమన్నారు. వెళ్తాను.

ఖర్చు లెక్క అడిగేవాళ్లకి: రెండుసార్లు పరీక్ష ఫీజే అరవై వేలు దాటింది. విజయవాడ కోచింగ్ 12 వేలు. మేడమ్‌కి జులై నుంచి అక్టోబరు దాకా 16 వేలు, నవంబరులో వెళ్లిన కొద్ది రోజులకి ఆవిడ తీసుకోలేదు. మావాడి సైన్స్ పుస్తకానికి ఖర్చేమీ లేదు, బడిలో ఇచ్చిందే.

ఇప్పుడు సీబీటీకి (యూకే రిజిస్ట్రేషన్ కోసం కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష) చదువుతున్నాను. మా వార్డులో ఇద్దరు జూనియర్లు నోట్‌బుక్ అడిగితే జిరాక్స్ తీసి ఇచ్చాను. పెన్సిల్ గుర్తులు జిరాక్స్‌లో సరిగ్గా పడలేదు, వాటి మీద పెన్నుతో దిద్ది మళ్లీ తీయించాలి. ఒకమ్మాయికి మార్చిలో పరీక్ష. టీ టైంలో తన హ్యాండోవర్ తెలుగులో చెప్పమంటున్నాను. ప్రస్తుతానికి తనకి నామీద కోపంగా ఉంది.